మిలిటరీ జోంగా కొనొచ్చా?

ప్రశ్న: మా ఊరి షెడ్డులో పాత మిలిటరీ జోంగా జీపు అమ్మకానికి ఉంది. ఆదివారాలు కూర్చుని బాగుచేసుకుందామని ఆశ. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రంగు చూసి మురిసిపోకండి, ముందు బానెట్ ఎత్తండి. జబల్‌పూర్‌లో తయారైన అసలు జోంగాకు ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది, దాదాపు నాలుగు లీటర్లది. పెట్రోలు ఖర్చుకు భయపడి చాలామంది డీజిల్ ఇంజిన్ బిగించేశారు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా అని అడగండి.

ఛాసిస్ నంబరు మీది మట్టి తుడిచి, కాగితాలతో అంకె అంకె పోల్చండి. సైన్యం అమ్మేసిన బండిని మన పేర రిజిస్టర్ చేయించాలంటే ఫారం 21 సేల్ సర్టిఫికెట్ ఒరిజినల్ కావాలి. నేను మొదటి బండికి జిరాక్స్ చూసి డబ్బులిచ్చేశాను. ఏడాదిన్నర అది మా వేపచెట్టు కింద కోళ్లగూడైంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ గుడ్ల లెక్క చెబుతుంది.

కొన్నాక ముందు బ్రేకుల పని చూడండి. ఏళ్లతరబడి కదలని బండిలో వీల్ సిలిండర్ల (చక్రాల దగ్గర బ్రేకులను నొక్కేవి) రబ్బర్లు గట్టిపడి లీకవుతాయి. ట్యాంకులోని తుప్పు కార్బురేటర్‌కి చేరుతుంది. అన్నట్టు, ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. మనం మార్చాల్సిందే. మాది ఇప్పుడు ఇటుక రంగు.