నాటుకోడి పులుసు పక్కన దైగింజో పెట్టద్దండీ
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పనిచేస్తాను. మా జపాన్ సారు ఊరికి పోయొచ్చి రెండు సాకే (జపాన్‌వాళ్ల బియ్యపు మందు) బాటిల్స్ ఇచ్చినాడు, ఒకదాని మీద జున్మయ్ అని, ఇంకోదాని మీద జున్మయ్ దైగింజో అని ఉంది. ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచినా, మా ఆవిడ రాగిసంగటి, నాటుకోడి పులుసు అంటోంది. ఏది ఎప్పుడు పోయాలి?
- ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: దైగింజో ఖరీదు ఎక్కువ కదా అని దాన్ని నాటుకోడి కోసం దాచిపెట్టుకుంటారేమో, ఆ పని మాత్రం చేయద్దండీ. నేను ఒకసారి చేసినా, డబ్బులు పులుసులో పోసినట్టే అయింది.

జున్మయ్ అంటే బియ్యం, నీళ్లు, కోజీ (అన్నం మీద పెంచే బూజు), ఈస్ట్ తప్ప పైనుంచి ఆల్కహాల్ కలపలేదని అర్థం. దైగింజో అంటే బియ్యాన్ని ఎంత పాలిష్ పట్టారనే లెక్క, గింజలో 50 శాతమో అంతకంటే తక్కువో మిగలాలి, అదే గింజో అనే ఇంకో రకమైతే 60 శాతం లోపు. మనం తినే తెల్లబియ్యంలో పోయేది పదో వంతు, అక్కడ సగం బియ్యం పొడైపోతుంది! గింజ పైపొరల్లో ఉండే ప్రోటీను, కొవ్వు రుచిని బరువు చేస్తాయి, అవి తీసేసి చల్లటి వాతావరణంలో నిదానంగా పులియబెడితే ఆపిల్, అరటిపండు, కర్బూజా లాంటి వాసనలొస్తాయి. దానికి పెట్టే డబ్బంతా ఆ వాసనకే. ఇప్పుడు దాని పక్కన ధనియాలు, ఎండుమిరపకాయలు, లవంగం వేసిన పులుసు పెడితే ఏమవుతుంది, మల్లెపూల బుట్ట పక్కన మిరపకాయలు మాడ్చినట్టే.

అందుకే దైగింజో భోజనానికి ముందు పోయండి, ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పది నిమిషాలు బయట పెట్టినాక, మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు. తోడుగా ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయలు చాలు, జపాన్‌వాళ్లు ఉడికిన పచ్చి సోయా కాయలతో తాగుతారు కాబట్టి సారుకి ఇల్లు గుర్తొస్తుంది. మీకు పులికాట్ పక్కనే కదా, మంచి రొయ్యలు దొరికితే పసుపు, కారం ఏమీ లేకుండా ఉప్పేసి ఆవిరి మీద ఉడికించండి. సాకేలో అమైనో ఆమ్లాలు ఎక్కువ, పులుపు వైన్ కంటే తక్కువ, అందుకే చేపకీ రొయ్యకీ ఇంత బాగా కుదురుతుంది.

నాటుకోడి వచ్చేసరికి మామూలు జున్మయ్ తీయండి, కొంచెం వెచ్చగా. దాంట్లో అన్నం రుచి గట్టిగా ఉంటుంది, పులుసు ముందు నిలబడుతుంది, మధ్యలో సంగటి ముద్ద ఉండనే ఉంది. కారం మాత్రం మీ ఇంట్లో రోజూ వేసే దాంట్లో సగమే వేయమనండి, సారు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏ సాకే కాపాడదు. ఇంకోటి, ఆయన కప్పు మీరు నింపాలి, మీ కప్పు ఆయన నింపుతాడు, ఎవరికి వాళ్లు పోసుకోరు అక్కడ.

ప్రశ్న: సాకే అంటే మన కల్లు లాంటిదేనా? మా వారు బియ్యపు వైన్ అంటారు.
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రెండూ కాదమ్మా. కల్లులోనూ ద్రాక్షరసంలోనూ చక్కెర ముందే ఉంటుంది, ఈస్ట్ తగిలితే పులిసిపోతుంది. బియ్యంలో ఉండేది పిండిపదార్థం, దాన్ని ముందు చక్కెర చేయాలి, ఆ పని ఉడికిన అన్నం మీద పెంచే కోజీ అనే బూజు చేస్తుంది. బీరులో చక్కెర చేయడం ఒక దశ, పులియబెట్టడం తర్వాతి దశ. సాకేలో రెండూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి, అందుకే సారాలా బట్టీలో కాయకుండానే ఆల్కహాల్ 18, 20 శాతం దాకా ఎక్కుతుంది, తర్వాత నీళ్లు కలిపి 15, 16కి దించుతారు. నీళ్లు కలపనిదాన్ని గెన్షు అంటారు, అది కాస్త చూసుకోని తాగాలి. ఈ కోజీతో చేసే పాత పద్ధతికి 2024 డిసెంబర్‌లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. అన్నట్టు జపాన్‌లో సాకే అంటే ఏ మందైనా సాకేనే, దీన్ని ప్రత్యేకంగా చెప్పాలంటే నిహొన్షు అంటారు.

ప్రశ్న: వేడి చేసి తాగాలంట కదా, ఎంత వేడి?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: అన్నీ కాదు, దైగింజోని మాత్రం స్టవ్ దరిదాపులకి పోనీయద్దు. జున్మయ్, హొంజోజో (కొంచెం ఆల్కహాల్ కలిపింది) రకాలకి 40 డిగ్రీలైతే నురుకాన్, 50 అయితే అత్సుకాన్ అంటారు. గిన్నెలో నీళ్లు మరిగించి, మంట ఆపేసి, సాకే పోసిన చిన్న కూజా అందులో రెండు మూడు నిమిషాలు పెడితే చాలు, పాలసీసా వెచ్చబెట్టినట్టు. నేరుగా కాగబెడితే వాసనంతా వంటింటికే. జపాన్ పుస్తకాల్లో గది వేడిలో తాగండి అని ఉంటే వాళ్ల గది 20 డిగ్రీలని గుర్తుపెట్టుకోండి, మే నెలలో మన తిరుపతి గదిలో బాటిల్ పెడితే అదే నురుకాన్ అయిపోతుంది.

ప్రశ్న: నలుగురం ఫ్రెండ్స్ కలిసి నాలుగు రకాలు టేస్ట్ చేద్దామనుకుంటున్నాం, వరస ఎట్ల? మిగిలింది ఎన్నాళ్లుంటుంది? మరుసటి రోజు తిరుమల పోతున్నాం, బాటిల్స్ కార్లోనే ఉంటాయి.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వాసన సున్నితంగా ఉండేవి ముందు, బరువైనవి తర్వాత, తియ్యగా తెల్లగా మడ్డి ఉండే నిగోరి చివర్లో. మిరపకాయ బజ్జీలు తినాలనుంటే నిగోరి దాకా ఆగండి, ఆ తీపి ఒక్కటే మన కారాన్ని తట్టుకుంటుంది. చిన్న కప్పుల్లో రెండు గుక్కలు చాలు, మధ్యమధ్యలో మంచినీళ్లు తాగాల్సిందే. వీలైతే జున్మయ్ ఒక్కటే చల్లగా, మామూలుగా, వెచ్చగా మూడు కప్పుల్లో పోసి చూడండి, నాకైతే నాలుగు బాటిల్స్ కంటే ఇదే ఎక్కువ సరదా. తెరిచింది ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో అయిపోగొట్టండి. నమ అని రాసుంటే అది పాశ్చరైజ్ చేయనిది, తెరవకముందు కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

కారు సంగతి అంటారా, ఎండకి సాకే పాడైపోవడం తర్వాత, కొండ మీదికి మందు నిషేధం, అలిపిరి దగ్గర డిక్కీ తెరిపిస్తారు. ఇంట్లో దించేసి పోండి స్వామీ.