మంత్రం ఎప్పుడు పారదు?

పోయిన నెల "మీ ఫాంటసీ నవల ఎక్కడ ఆగిపోయిందో రాయండి" అన్న పాపానికి ఉత్తరాలు వచ్చి పడ్డాయి. పద్యాలకు అర్థాలు అడిగినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. పేరు వేయవద్దన్నవారే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరి పేరే ఉంచాను.

ప్రశ్న: టీచరమ్మ గారూ, నా నవలలో నాయిక నీళ్లను పిలవగలదు. మూడో అధ్యాయంలో ఊరు తగలబడి ఆమె తండ్రి చనిపోతాడు. పదిహేనో అధ్యాయంలో ఆమె ఏకంగా నదినే మళ్లించి శత్రుసైన్యాన్ని ముంచేస్తుంది. చదివిన ప్రతివాళ్లూ "మరి ఆ రోజు మంట ఎందుకు ఆర్పలేదు?" అంటున్నారు. "అప్పుడు ఆమె మనసు మనసులో లేదు" అని ఒక వాక్యం చేర్చాను. సరిపోతుందా? (కావలి)

జవాబు: సరిపోదమ్మాయీ. కన్నతండ్రి కాలిపోతుంటే పారని మంత్రం యుద్ధభూమిలో ఎలా పారింది? పాఠకులు అడుగుతున్నది ఆమె మనసు గురించి కాదు, నీ అవసరం గురించి. తండ్రి చావాలి కాబట్టి మూడో అధ్యాయంలో నీళ్లు రాలేదు. శత్రువు చావాలి కాబట్టి పదిహేనులో వచ్చాయి. ఆ సంగతి వాళ్లు పసిగట్టేశారు.

ఇది నేర్పడానికి బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ తమవాళ్లని చెప్పుకునే కవులే ఆ పని చేశారు. కర్ణుడు కవచకుండలాలు ఒలిచి ఇచ్చి, బదులుగా ఇంద్రుడి దగ్గర శక్తి అనే ఆయుధాన్ని అడిగి తీసుకునే ఘట్టం అరణ్యపర్వం చివర్లో వస్తుంది. నన్నయ వదిలిన ఆ భాగాన్ని పూర్తి చేసినవాడు ఎర్రన. భారతకథలో ఇంద్రుడు ఆ ఆయుధాన్ని ఊరికే చేతిలో పెట్టి పోడు. అది ఒక్క శత్రువునే చంపుతుంది, చంపి మళ్లీ తన దగ్గరికి వచ్చేస్తుంది అంటాడు. వేరే ఆయుధాలు చేతిలో ఉండగా, ప్రాణం మీదికి రాకుండానే తొందరపడి విసిరితే అది నీ మీదే పడుతుంది అని కూడా హెచ్చరిస్తాడు. షరతులన్నీ అక్కడే, యుద్ధం మొదలుకాక ముందే వినిపించేశారు.

ఆ తర్వాత ద్రోణపర్వం. అది తిక్కన వంతు. పద్నాలుగో రోజు యుద్ధం సూర్యాస్తమయంతో ఆగకుండా రాత్రిలోకి సాగింది. చీకటి పడితే రాక్షసుల బలం పెరుగుతుంది. ఘటోత్కచుడు కౌరవసేనను నుగ్గునుగ్గు చేస్తుంటే సొంతవాళ్లే కర్ణుడి వెంటపడి, ఆ శక్తిని వాడమని గోల పెట్టారు. అర్జునుడి కోసం అన్నేళ్లు దాచుకున్నదాన్ని ఘటోత్కచుడి మీద వేశాడు. అది పనిచేసింది! దాని తప్పేమీ లేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసి ఇంద్రుడి దగ్గరికి వెళ్లిపోయింది. కర్ణుడు గెలిచి ఓడిపోయాడు. పాండవులు బిడ్డ పోయాడని ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషం పట్టలేక గంతులు వేశాడంటే, ఆయన షరతు మరిచిపోలేదన్నమాట. కర్ణుడి చేయి ఖాళీ అయిందని జాలిపడతాం గాని, కవి మోసం చేశాడని ఎవరమూ అనం.

నీ నాయికకూ ఒక షరతు కావాలి, అదీ మూడో అధ్యాయానికి ముందే. నీళ్లు పిలిస్తే వస్తాయి, కాని అవి ఎక్కడో ఒకచోట ఉండాలి అనుకో. ఎండాకాలం పెన్నను చూసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. మంటను మే నెలలో పెట్టు. చెరువు నెర్రెలు విచ్చి ఉంటుంది, బావిలో చేద అడుగు తగులుతుంది. ఆమె ఎంత పిలిచినా నాలుగు బిందెలు లేస్తాయి. యుద్ధాన్ని కార్తిక మాసంలో పెట్టు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే కదా. పడమటి నుంచి వచ్చిన శత్రువుకు వానాకాలం అయిపోయిందన్న ధీమా. ఆమెకు అసలు వాన ఇంకా రాలేదని తెలుసు. అందుకని రాయబారాలతో, అబద్ధపు సంధులతో వాళ్లను తుఫాను దాకా ఏటి ఒడ్డునే కూర్చోబెడుతుంది. ఇప్పుడు పదిహేనో అధ్యాయంలో గెలిచేది మంత్రం కాదు, తండ్రి చావు నుంచి ఆమె నేర్చుకున్న లెక్క. "మనసు మనసులో లేదు" అన్న వాక్యం కొట్టేయి.

ప్రశ్న: నా మాయాలోకం నియమాలు నలభై పేజీలు అయ్యాయి. నవల మొదట్లో వేయాలా, చివర్లో అనుబంధంగా వేయాలా? (ఒంగోలు)

జవాబు: బీరువాలో వేయండి. పాఠకుడికి నియమం మొదటిసారి కనిపించాల్సింది ఎవరో దాన్ని మీరి చేయి కాల్చుకున్నప్పుడు. నలభై పేజీల్లో అలా ఎవరూ చేయి కాల్చుకోని నియమాలు ఎన్ని ఉన్నాయో చూసుకుని, వాటిని మీరు కూడా మరిచిపోండి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. నా కథలో మంత్రం వేసిన ప్రతిసారీ నాయకుడి ఆయుష్షులో ఒక ఏడాది తగ్గుతుంది. గొప్ప త్యాగంలా ఉంటుందనుకున్నాను. చదివిన మిత్రుడు "ఏమీ అనిపించలేదు" అన్నాడు. (ఆత్మకూరు)

జవాబు: ఆ మిత్రుణ్ణి వదులుకోవద్దు నాయనా. నీ నాయకుడికి ఇరవై ఏళ్లు. ఎనభయ్యో ఏట పోవాల్సినవాడు డెబ్బయ్యో ఏటనే పోతాడు, సరే. నవల ఇరవై ఒకటో ఏట అయిపోతోంది కదా! ఆ బాకీ వసూలయ్యే నాటికి పాఠకుడు పుస్తకం మూసి, పాత పేపర్లవాడికి అమ్మేసి కూడా ఉంటాడు. మూల్యం పుస్తకం లోపలే చెల్లాలి. వీలైతే మంత్రం వేసిన పేజీలోనే.

కచుడి కథ తీసుకో. మృతసంజీవని నేర్చుకు రమ్మని దేవతలు అతణ్ణి రాక్షసుల గురువు శుక్రుడి దగ్గరికి పంపారు. రాక్షసులు ఊరుకుంటారా? చంపారు, శుక్రుడు బతికించాడు. చివరికి కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. కూతురు దేవయాని ఏడుపు భరించలేక శుక్రుడు పిలిస్తే శిష్యుడు గురువు కడుపులోంచి పలికాడు. బయటికి రావాలంటే పొట్ట చీల్చుకునే రావాలి. వస్తే గురువు చస్తాడు, రాకపోతే శిష్యుడు పోయినట్టే. ఇక దారిలేక శుక్రుడు ఏ విద్యనైతే ఇవ్వకూడదో ఆ విద్యనే కడుపులో ఉన్నవాడికి ఉపదేశించాడు. కచుడు చీల్చుకుని వచ్చి, చచ్చి పడి ఉన్న గురువును అదే మంత్రంతో లేపాడు. రాక్షసులు ఏది పోకూడదని ఇన్ని హత్యలు చేశారో, అది వాళ్ల హత్యవల్లే చేయి దాటింది. నేనైతే కథ రాసే పిల్లలకు దీన్ని కంఠతా పట్టమంటాను.

అంతటితో ఆగలేదు. పెళ్లికి కాదన్నాడని దేవయాని "నీ విద్య నీకు పనిచేయకుండుగాక" అని శపించింది. "నాకు పనిచేయకపోతే పోనీ, నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుంది" అని అతడు స్వర్గానికి వెళ్లిపోయాడు. శాపం నిజమే, శాపంలో సందూ నిజమే.

నీ కథకు ఊరికే ఒక దారి చెబుతాను, నచ్చకపోతే పారేయి. మంత్రం వేసిన ప్రతిసారీ లోకంలో ఒక మనిషికి నీ నాయకుడి గొంతు వినపడకుండా పోతుంది. ఎవరికో అతడికి తెలియదు. ఇంటికి వచ్చి తలుపు దగ్గర నిలబడి "అమ్మా" అని పిలవాలి, అప్పుడుగాని తేలదు. ఇక రెండో మంత్రం వేయడానికి వాడు వంద పేజీలు వెనకాడతాడు, ఆ వంద పేజీలే నీ నవల.

ప్రశ్న: రాజులు, కత్తులు, మాంత్రికుల గుహలు లేకుండా మా నెల్లూరులాంటి ఊళ్లో జరిగే మాయ రాయవచ్చా? (నెల్లూరు)

జవాబు: స్వర్ణాల చెరువు పక్కన ఉండి నన్ను అడుగుతున్నారా? మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు వెళ్లి ఒక పూట గట్టున కూర్చోండి. జనం నమ్మకాన్ని మాయ అని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆ పద్ధతి ఎంత గట్టిగా అమరిందో చూడమంటున్నాను. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం, ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. కోరిక ఉన్నవారు నీళ్లలో దిగి, అదే కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే కోరిక రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. మంత్రగాడు లేడు. ముక్కూమొహం తెలియని మనిషికి పోయినేడు జరిగిన మంచి ఈ ఏడు మీ చేతికి వస్తుంది.

ఇప్పుడు దర్గా పేరు, పండుగ పేరు పక్కన పెట్టి, మీ సొంత ఊరొకటి కల్పించుకుని ప్రశ్నలు వేసుకోండి. కరువు వచ్చిన ఏడు ఇచ్చేవారు పదిమంది, అడిగేవారు పదివేలమంది అయితే ఏమవుతుంది? ఇస్తే తనకు వచ్చింది పోతుందేమోనని భయపడి ఒకడు చెరువుకు రావడం మానేస్తే? ఉద్యోగమైతే వచ్చింది, కాని అది తనకు తగిన ఉద్యోగం కాదనుకునే మనిషి రొట్టె ఇవ్వడానికి అర్హుడేనా? ఇచ్చినా పుచ్చుకున్నవాడికి ఏమి దక్కుతుంది, అలాంటి ఉద్యోగమేనా? ఈ చివరి ప్రశ్నతో నాకే ఒక కథ రాయాలని ఉంది. మీరు ఆలస్యం చేస్తే రాసేస్తాను.

ప్రశ్న: మా ప్రాంతం బోర్లను చూసి వచ్చిన ఆలోచన ఇది. మాయ భూమిలో ఉంటుంది, తోడేకొద్దీ అడుగంటిపోతుంది. ఇప్పటికే ఎవరైనా రాశారా? (కనిగిరి)

జవాబు: రాశారు. అమెరికా రచయిత లారీ నివెన్ 1969లో అచ్చయిన కథలో, ఒక్కో చోట ఉన్న మాయాశక్తి వాడేకొద్దీ తరిగిపోతుంది. మంత్రంతో ఒక చక్రాన్ని తిప్పి వదిలితే అది అంతకంతకూ వేగం పుంజుకుని ఆ చోటి శక్తినంతా తాగేస్తుంది. ఆ తర్వాత అక్కడ ఎంతటి మాంత్రికుడైనా మామూలు మనిషే.

అయినా మానుకోకండి. చక్రం దగ్గర శక్తి అందరికీ ఒక్కసారే పోతుంది. మీ ఊళ్లో అలా పోదు. ఒకరు ఇంకా లోతుకు వేయించుకున్న బోరుకు పక్క చేనివాడి బోరు ఎండుతుంది. మంత్రం విఫలమయ్యేది వేసినవాడికి కాదు, ఏ పాపం ఎరుగని పొరుగువాడికి. పైగా మీ దగ్గర నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగిన రోజు ఏమీ తెలియదు, ఏళ్లు గడిచాక పిల్లల పళ్ల మీద గారగా తేలుతుంది, ఇంకా పోతే ఎముకలు వంచుతుంది. ఆయుష్షు తగ్గించే కుర్రవాడికి మూల్యం వెంటనే చెల్లించమన్నాను, మీకు మాత్రం ఆలస్యం చేయమంటాను. మీ నవల మూడు తరాలు నడుస్తుంది, వడ్డీ చూడడానికి మనుమలు ఉంటారు.

ప్రశ్న: ఇంగ్లిషు నవలలు చదివే మా అబ్బాయి "నియమాలు చెప్పని మాయ మోసం" అంటున్నాడు. మా చిన్నప్పటి కథల్లో ముని కమండలంలో నీళ్లు చల్లితే పని అయిపోయేది. మేము మోసపోయామా? (మార్కాపురం)

జవాబు: లేదండీ. మీ అబ్బాయి సగమే చెప్పాడు. అతడు అంటున్నది బహుశా అమెరికా ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన సూత్రం. మాయతో చిక్కు విప్పదలిస్తే, ఆ మాయ పాఠకుడికి ఎంత బాగా అర్థమై ఉంటే ఆ విప్పడం అంత తృప్తినిస్తుందని దాని సారం. అది చిక్కు విప్పడం గురించి. చిక్కు వేయడానికి ఆ పట్టింపు అక్కర్లేదు. ముని రాకుమారుణ్ణి చిలకగా మారిస్తే "ఎలా?" అని ఎవరూ అడగరు, కథ మొదలైందని సర్దుకుని కూర్చుంటారు.

చివరికి వచ్చేసరికి మన పాత కథలు ఎంత కచ్చితమో అబ్బాయికి చెప్పండి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో ఉన్న చిలకలో ఉంటుంది. రాకుమారి వాడితో తీయగా మాట్లాడి ఆ రహస్యం రాబడుతుంది. చిలక రెక్క విరిస్తే వాడి చేయి విరుగుతుంది, మెడ విరిస్తే వాడు చస్తాడు. ఇంతకంటే కఠినమైన నియమం ఏ దేశంలో ఉంది?

ప్రశ్న: నా ప్రతినాయకుడు లోకాన్ని కాల్చే మంత్రం వేసి, చివర్లో మనసు మారి వెనక్కి తీసుకుంటాడు. బాగుంటుందా? (కోవూరు)

జవాబు: మనసు మారనివ్వండి, మంత్రాన్ని మాత్రం వెనక్కి రానివ్వకండి. వేయడం ఒక విద్య, మళ్లించడం వేరే విద్య. సౌప్తికపర్వంలో అశ్వత్థామ గడ్డిపోచను మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు, అర్జునుడూ అదే వేశాడు. వ్యాసనారదులు మధ్యలో నిలబడి ఇద్దరినీ ఉపసంహరించమన్నారు. నిష్ఠ తప్పనివాడు కాబట్టి అర్జునుడు మళ్లించాడు. అశ్వత్థామకు చేతకాలేదు. మళ్లించలేని ఆ అస్త్రం పాండవ స్త్రీల గర్భాల మీదికి పోయింది. కొడుకు చపలచిత్తుడని ద్రోణుడికి ముందే తెలుసు, పోరుపడలేక అయిష్టంగానే నేర్పాడు.

మీ ప్రతినాయకుడికి మొదటిది నేర్పిన గురువు రెండోది ఎందుకు నేర్పలేకపోయాడో ఒక అధ్యాయం రాసి పంపండి. ఆ ఒక్క అధ్యాయమే సుమా, నవల మొత్తం పంపవద్దు.