నీటి బ్రాహ్మి ఆకులు పసుపెక్కింది తెగులుతో కాదు, నత్రజని లోపంతో

సందేహం: అర ఎకరంలో జులై చివర నీటి బ్రాహ్మి నాటాను. ఊరి పక్క డ్రెయిను నుంచి నీరు తోడి పెడుతున్నాను. నలభై రోజులకు అడుగు ఆకులు పండుతుంటే, నీరు ఎక్కువై వేరుకుళ్లు వచ్చిందని మడి ఆరగట్టాను. షాపులో అడిగితే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు, ప్రొఫెనోఫాస్, ఒక టానిక్ కలిపి ఇచ్చారు. రెండుసార్లు కొట్టాను. పసుపు తగ్గకపోగా ఆకుల అంచులు మాడాయి, అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. అక్టోబరు చివర వ్యాపారి సరుకు తీసుకెళ్తానన్నాడు. ఇంకేం మందు కొట్టాలి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా: ఏ మందూ కొట్టొద్దు. ముందు మడికి నీరు పెట్టండి.

మీరు పంపిన ఫొటోల్లో వేరుకుళ్లు లేదు. కుళ్లిన వేరు నల్లబడి, లాగితే తోలు ఊడి వస్తుంది, వాసన కొడుతుంది. మీ మొక్కల్లో అడుగు ఆకులే పసుపు, కొసలు పచ్చగా ఉన్నాయి. అది నత్రజని లోపం. నాటేటప్పుడు వేసిన ఎరువు తప్ప నెల దాటినా మళ్లీ వేసినట్టు మీరు ఎక్కడా రాయలేదు. దానికి తోడు మడి ఆరింది. అంచులు మాడింది షాపువాళ్ల మిశ్రమం వల్లే. చిల్లులు మిడతలవి, వాటికి ఇంత హడావుడి అక్కర్లేదు.

ఇది కాలువ గట్ల మీద, చెరువు అంచున, వరి గట్ల పక్కన బురదలో పాకే మొక్క. ఒక కాడను మెల్లగా ఎత్తి చూడండి: ప్రతి కణుపు దగ్గరా సన్నటి తెల్ల వేర్లు దిగి ఉంటాయి. బలమంతా వాటిదే, లోతుగా పోయే తల్లివేరు లేదు. పైన రెండు అంగుళాల మట్టి ఎండితే కణుపు వేర్లు గోధుమ రంగుకు తిరిగి గాలిలో వేలాడతాయి. మీ మూడో ఫొటోలో కనిపిస్తున్నది అదే. కాడ లోపల గాలి గదులు ఉంటాయి కాబట్టి నిలవ నీటిలో ఊపిరాడక చచ్చే రకం కాదు, కాస్త ఉప్పునీటినీ ఓర్చుకుంటుంది. మిరపకు చేసే వైద్యం దీనికి చేస్తే ఇలాగే అవుతుంది.

నీరు 2 నుంచి 3 సెంటీమీటర్లు పలచగా నిలపండి. మంచు ఆరిన తర్వాత, ఆకు పొడిగా ఉన్నప్పుడు అర ఎకరానికి 15 కిలోల యూరియా చల్లండి. తడి ఆకుకు అంటుకుంటే మళ్లీ మాడుతుంది. మిడతలు ఇంకా ఉంటే 5 శాతం వేప గింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి, సాయంత్రం పూట పిచికారీ చేయండి. కలుపు చేత్తోనే తీయాలి. గుంటగలగర, పొన్నగంటి కలిసిన సరుకును వ్యాపారి పక్కన పెట్టేస్తాడు.

ఇక అసలు సంగతి. ఇది మందు మొక్క. జ్ఞాపకశక్తి మందుల్లో వాడేది ఇందులోని బాకోసైడ్లు అనే పదార్థాల కోసం. ఆకు, కాడ అన్నీ ఎండబెట్టి, పొడి చేసి మనిషి మింగుతాడు. మీరు కొట్టిన డబ్బాల మీద నీటి బ్రాహ్మి పేరు ఉందేమో చదవండి, కనిపించదు. షాపాయన దగ్గర ఉన్నది వరి మందు, పత్తి మందు. అడిగిన ప్రతి పంటకూ అవే ఇస్తాడు, మీరూ ఏ పంటకు సిఫారసు ఉందని అడగకుండా తెచ్చుకున్నారు.

అందుకే అక్టోబరు కోత మీద ఆశ పెట్టుకోకండి. మొక్క కోలుకున్నాక, పది పన్నెండు రోజులకు, నేల నుంచి 4, 5 సెంటీమీటర్లు వదిలి కోసేయండి. ఆ కోతను అమ్మొద్దు, పశువులకు వేయొద్దు, గొయ్యి తీసి పూడ్చండి. కోసిన మర్నాడు మరో 15 కిలోల యూరియా వేస్తే మోడు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. రెండు, రెండున్నర నెలలకు వచ్చే ఆ పంటను వ్యాపారికి ఇవ్వండి, ఆలస్యం సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పండి. మనసొప్పక ఈ కోతే అమ్ముతానంటే ముందు గుర్తింపు ఉన్న ల్యాబులో మందుల అవశేషాల పరీక్ష చేయించండి.

డ్రెయిను నీటి గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ నాకు ఎక్కువ టెన్షన్ దాని మీదే. సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం లాంటి లోహాలు నీటిలో ఉంటే ఈ మొక్క పీల్చి ఒంట్లో దాచుకుంటుంది. మురుగునీటి శుద్ధికి పనికొస్తుందేమోనని శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించింది ఆ గుణం చూసే. మందు సరుకులో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (అంటే కిలో సరుకులో అన్ని మిల్లీగ్రాములు) దాటకూడదు. దాటిన సరుకు ఎంత పచ్చగా ఉన్నా కంపెనీ తీసుకోదు, వాషింగ్‌తో పోయేదీ కాదు. ఊరి మురుగు, వర్క్‌షాపుల నీరు ఆ డ్రెయినులో కలుస్తుంటే వెంటనే పంట కాలువకో బోరుకో మారండి. కోతకు ముందు డ్రెయిను నీరు ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో, మడి మట్టి అర కిలో, ఎండిన ఆకు పావు కిలో విడివిడిగా పరీక్షకు పంపండి. "భార లోహాలు" అని ప్రత్యేకంగా రాయించాలి, మామూలు భూసార పరీక్షలో అవి చూడరు.