తండ్రి చావు కథలో కొడుకు బాధ ఎందుకు అంటడం లేదంటే

మీ కథ ఇదీ: చిత్తూరు దగ్గర మామిడితోట, దాన్ని అమ్మే విషయంలో తండ్రితో మాటలు మానేసిన కొడుకు, తండ్రి చావు. చదివినవాళ్లకు కొడుకు బాధ అంటలేదని రాశారు. లోపం స్వగతంలో ఉంది. శవం పక్కన కూర్చుని ‘నేను ద్రోహినా?’ అని రెండు పేరాలు ఎవరూ ఆలోచించరు. కొట్టేయండి.

చావును మొదటి వాక్యంలోకి తెండి. టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ (1886)లో ఆ వార్త మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. తోటి ఉద్యోగుల ఆలోచన వెంటనే ఖాళీ అయిన పోస్టు మీదకి పోతుంది. ఇక పాఠకుడు చూసేది మనసుల్నే.

మీ దగ్గర మంచి సరుకే ఉంది, వాడుకోలేదంతే. చావును జూన్ నెలాఖరుకు, తోతాపురి మామిడి కోతకు జరపండి. కాయల ట్రాక్టర్ గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో ఉంది, ఎండకి కాయ మెత్తబడుతోంది. పాడె కడుతుంటే కొడుకు జేబులో ఫోన్ మోగుతుంది. డ్రైవరేనని తెలుసు. తీయాలనుంది, తీయడు. అక్కడ ‘అపరాధభావం’ అని రాశారా, సన్నివేశం పోయినట్టే.

ఏడుపు దహనం రోజు వద్దు. ఫ్యాక్టరీ తూకం చీటీ తండ్రి పేరుతో చేతికొచ్చినప్పుడు, ఒక్క వాక్యంలో పెట్టండి.

అన్నట్టు, తల్లి మాటల్లో ‘వచ్చినాడు’, ‘వచ్చేడు’ కలిసిపోయాయి. మన చిత్తూరు వైపు మొదటిదే.