ఆడపిల్లల జట్టుకు పెత్తనం అప్పగించడం గురించి

కాలనీలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలతో బృందం పెట్టామని, ఇద్దరే అన్నీ నెత్తిన వేసుకుంటున్నారని, మిగతావారు చెప్పింది చేసి ఊరుకుంటున్నారని రాశారు. వీళ్లకు బాధ్యత, నాయకత్వం నేర్పడం ఎలా అని మీ ప్రశ్న. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, గైడ్ కెప్టెన్‌ని, అంటే స్కౌట్స్‌లాగే ఆడపిల్లలకుండే గైడ్స్ దళాన్ని బడిలో నడిపేదాన్ని. అక్కడ చూసిందే చెబుతాను.

మా బడికి వచ్చే ఆడపిల్లలకు బాధ్యత కొత్తగా నేర్పవలసిన పని లేదు. పొద్దున్నే నీళ్లు పట్టి, తమ్ముడికి స్నానం చేయించి, వాకిలి ఊడ్చి మరీ వస్తారు. వాళ్ల చేతిలో లేనిది నిర్ణయం. ఏం వండాలో, ఎంత ఖర్చు పెట్టాలో ఇంకెవరో చెబుతారు. మీరు కూడా మరో నాలుగు పనులు పురమాయించి దాన్నే శిక్షణ అనుకుంటే, ఇంట్లో జరిగేదే మీ దగ్గరా జరుగుతుంది.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పెట్రోల్ పద్ధతి అని ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు. గైడ్స్ జట్లకు పువ్వుల పేర్లు పెట్టుకుంటారు. ఒక లీడరు, ఆమెకు తోడుగా సెకండు, మిగతావారిలో ఒకరికి జమాఖర్చు, ఒకరికి సామాను, ఒకరికి సమావేశాల పుస్తకం. లీడర్లంతా కూర్చుని మాట్లాడుకునే సభను కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. క్యాంపులో ఏం చేయాలి, నిధి దేనికి వాడాలి, తగవు ఎలా తీర్చాలి అన్నీ అక్కడే తేలతాయి. అందులో కెప్టెన్ సలహాదారు మాత్రమే. గైడ్స్ పుట్టుకలోనే ఈ చొరవ ఉంది లెండి. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మగపిల్లల స్కౌట్ ర్యాలీ జరుగుతుంటే కొందరు ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మమ్మల్నీ చేర్చుకోండని నిలబడ్డారు. మరుసటి ఏడాది గైడ్స్ సంస్థ ఏర్పడింది.

కాగితం మీద ఇది సులువే. చిక్కంతా పిల్లలు అంతవరకు చూసిన నాయకత్వంతో వస్తుంది. వాళ్లకు తెలిసిన లీడరు క్లాసులీడరే. టీచరు బయటికి వెళ్లగానే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే అమ్మాయి. అందుకే కొత్తగా లీడరైన పిల్ల మొదట చేసేది అరవడం, నా దగ్గరకు వచ్చి చాడీలు చెప్పడం. నేను ఆ చాడీలు వినను. "మీ జట్టులో మాట్లాడుకుని ఏం తేల్చారో చెప్పు" అంటాను. ఫస్ట్ ర్యాంకు అమ్మాయినే లీడర్ని చేయడం కూడా నాకు నచ్చదు. మార్కులకూ దీనికీ సంబంధం లేదు.

డబ్బు తప్పకుండా వాళ్ల చేతికివ్వండి. చిన్న మొత్తమే కావచ్చు, కానీ నిజమైన ఖర్చుకు. బడి ఆవరణలోనే పెట్టిన ఒక క్యాంపులో కూరగాయల కొనుగోలు ఒక జట్టుకు అప్పగించాం. బేరం ఆడటంలో వాళ్ల ముందు నేనెంత! ప్రతి రూపాయీ పుస్తకంలోకి ఎక్కింది. లెక్క చదివేటప్పుడు ఎన్నడూ నోరు విప్పని పిల్లే అందరి ప్రశ్నలకూ జవాబిచ్చింది, ఎందుకంటే పుస్తకం ఆమె దగ్గరే ఉంది.

పెద్దవాళ్లతో మాట్లాడే పనీ వాళ్లదే కావాలి. మరుగుదొడ్ల కుళాయి బాగు చేయించాలని కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో తీర్మానించి, అర్జీ రాసుకుని ముగ్గురు హెడ్మాస్టరు గదికి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర ఆగాను. ఆయన కాగితం చదివి, పిల్లల తల మీదుగా నన్ను చూస్తూ "ఏమిటి మేడం ఇది?" అన్నారు. "వాళ్లనే అడగండి సార్" అన్నాను. అడిగారు, చెప్పారు. కుళాయికి కొంతకాలం పట్టింది కానీ పని జరిగింది.

తల్లిదండ్రుల విషయం మాత్రం మీరే చూసుకోవాలి, అది పిల్లల మీద వదలకండి. సమావేశం చీకటి పడకముందే ముగించండి. ఎక్కడికి తీసుకెళ్లినా ముందుగా ఇంటికి వెళ్లి చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇక అన్నీ చేసేస్తున్న మీ ఇద్దరి సంగతి. వాళ్లను వేర్వేరు జట్లలో వేయండి. కొన్ని నెలలు లీడరుగా కాకుండా, నెమ్మదస్తురాలైన లీడరుకు సెకండుగా ఉంచండి. మొదట్లో అలుగుతారు. అలిగినా మార్చకండి.