రాయల్ ఆల్బర్ట్ హాల్ గొప్పతనం గోపురంలో లేదు, పుట్టగొడుగుల్లో ఉంది

"లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కట్టడంలో అంత ప్రత్యేకత ఏముంది?" అని అడిగారు. గోపురం గురించి ఎవరైనా చెబుతారు. నేను లండన్ వెళ్లలేదు, మాది ఒడిశాలోని బరంపురం. అయినా ఆ హాలు బాధ నాకు బాగా తెలుసు. మా మామయ్య పద్యం అలాంటి కప్పు కిందే గంగలో కలిసింది.

ఏడెనిమిదేళ్ల కిందట ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లం హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను వేయించాం. మైదానంలో ఎండకి జనం కూర్చోరని ఒక ఇండోర్ హాలు తీసుకున్నాం. నేల మీద షటిల్ కోర్టు గీతలు, పైన సగం డ్రమ్ములా వంచిన రేకుల కప్పు. మామయ్య భుజాన కంబళి, చేతిలో కర్రతో వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసేసరికి ఆయన గొంతే వెనక్కొచ్చి ఆయన మీద పడింది. హార్మోనియం వెనకబడిందనుకుని అటు ఉరిమి చూశాడు. హార్మోనియం ఆయన తబలా వైపు చూశాడు. సౌండు కుర్రాడు ఒడియావాడు, "ఠిక్ అఛి, ఠిక్ అఛి" అంటూ వాల్యూమ్ ఇంకా పెంచాడు. వెనక వరసలోంచి ఓ ముసలావిడ, "బాబూ, ఇద్దరూ ఒకేసారి పాడకండి!" అని అరిచింది.

చివరికి మామయ్య మైకు ఆపించి, స్టేజీ దిగి జనం మధ్యలో నిలబడి పాడాడు. ముందు పది వరసలకి వినపడింది. మిగతావాళ్లు టీకి వెళ్లారు.

వంపు కప్పు శబ్దాన్ని భూతద్దంలా ఒకచోట పోగుచేసి కిందికి కొడుతుంది. ఆల్బర్ట్ హాల్ గోపురం సుమారు 41 మీటర్ల ఎత్తు. శబ్దం పైకి పోయి తిరిగి రావడానికి దాదాపు పావు సెకను. ఆ పావు సెకను చాలు పాట కొంప ముంచడానికి. ఆ హాలుకి రూపం ఇచ్చిన ఫౌక్, స్కాట్ ఇద్దరూ సైన్యంలో ఇంజినీర్లు. కట్టేవాళ్ల టెన్షన్ అంతా గోపురం నిలబడుతుందా అనే. ఇనుప చట్రాన్ని మాంచెస్టర్‌లో బిగించి చూసి, విప్పి తెచ్చారు. 1869లో కింద ఆన్పులు తీస్తే 8 మిల్లీమీటర్లే దిగింది. భేష్! కానీ 1871 మార్చి 29న, ప్రారంభం నాడే, ప్రార్థన చదువుతుంటే ప్రతిధ్వని మొదలైంది. ఆ హాల్లో ఏ పాటైనా రెండుసార్లు వినొచ్చని లండన్‌లో జోకు కూడా పుట్టింది.

మరుసటి ఏడు మేం టెంటుహౌసు వాళ్ల చేత రేకుల కింద షామియానా గుడ్డ కట్టించాం. సగం గోల తగ్గింది. తర్వాత చదివితే తెలిసింది, ఆల్బర్ట్ హాల్లోనూ మొదట గోపురం కింద గుడ్డే కట్టారట! దాన్ని 1949లో తీసేసి అల్యూమినియం పలకలు పెట్టారు. అసలు మందు 1969లో దొరికింది: ఫైబర్‌గ్లాస్ పళ్లేలు పైనుంచి వేలాడదీశారు. వాటినే పుట్టగొడుగులంటారు. అంటే 98 ఏళ్లు పట్టింది. మనకి ఒక్క ఏడాదిలో తట్టింది, అదీ 40 గజాల గుడ్డతో.

ఇప్పుడు మా ఊళ్లో కట్టే ప్రతి హాలూ ఏసీ, గ్రానైటు, సెల్ఫీ గోడ. పైకి చూసేవాడే లేడు. అడిగితే "డీజేకి ఏం ఇబ్బంది లేదండీ" అంటారు. డీజేకి ఎందుకుంటుంది? ఇబ్బంది పక్క వీధివాళ్లకి.

మామయ్య మాత్రం ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు హాలు చూస్తానంటాడు. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొడతాడు. తల వంచి వింటాడు. నచ్చకపోతే అడ్వాన్సు తీసుకోడు.