పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నగల తీగకు తగిన కట్టర్

ప్రశ్న: రాగి తీగ, పూసలతో చెవి లోలాకులు, గొలుసులు ఇంట్లోనే తయారుచేసి తెలిసినవారికి అమ్ముతుంటాను. తీగను ఇంట్లో ఉన్న కటింగ్ ప్లేయర్‌తోనే కత్తిరిస్తున్నాను. నగ భాగాలను కలిపే చిన్న తీగ వలయాలను, అంటే జంప్ రింగులను, ఎంత జాగ్రత్తగా మూసినా అతుకు దగ్గర సన్నని సందు మిగిలిపోతోంది. అక్కడ చీర పోగులు చిక్కుకుంటున్నాయని కొన్నవారు అంటున్నారు. కట్టర్ మారిస్తే సరిపోతుందా? కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కట్టర్‌తో పాటు కోసే పద్ధతిని కూడా కొంత మార్చవలసి ఉంటుంది. ఇంటి కటింగ్ ప్లేయర్ కరెంటు పనికి ఉద్దేశించినది. దాని కోత అంచులకు రెండు పక్కలా ఏటవాలు ఉంటుంది కనుక, అది తీగను రెండు వైపుల నుంచీ నొక్కి చీలుస్తుంది. అలా తెగిన రెండు కొసలూ ఇంటి కప్పులా మధ్యలో మొనదేలి ఉంటాయి. రింగును మూసినప్పుడు ఆ రెండు మొనలు మాత్రమే ఒకదానికొకటి తగులుతాయి. వాటి చుట్టూ మిగిలే గాడిలోనే పోగు చిక్కుకుంటుంది. ఎంత నొక్కినా ఆ గాడి పోదు.

మీకు కావలసినది ఫ్లష్ కట్టర్. దీని అంచులకు ఒక పక్క ఏటవాలు, రెండో పక్క చదునైన వీపు ఉంటాయి. వీపు ఎటు ఉంటే అటువైపు కొస చదునుగా తెగుతుంది, ఏటవాలు ఉన్న వైపు కొస మాత్రం పాత ప్లేయర్ కోతలాగే మొనదేలుతుంది. చాలామంది కొత్త కట్టర్ కొన్న తరవాత కూడా సందు పోలేదని నిరాశపడడానికి కారణం ఈ రెండో కొసను పట్టించుకోకపోవడమే. కాబట్టి తీగను చుట్టగా చుట్టిన తరవాత, కట్టర్ వీపును చుట్ట వైపు ఉంచి ముందుగా మొదటి కొసను సరిచేయండి. ఆ తరవాత కట్టర్‌ను తిప్పి, వీపు విడిపోబోయే రింగు వైపు ఉండేలా పట్టుకుని, మొదటి కోతకు సరిగ్గా ఎదురుగా కోయండి. చుట్ట మీద మిగిలిన మొనను మళ్లీ సరిచేసిన తరవాతే రెండో రింగును కోయాలి. ఒక్కో రింగుకు రవ్వంత తీగ వృథా అవుతుంది, పని కూడా కొంత నెమ్మదిస్తుంది, కానీ రెండు కొసలూ చదునుగా వచ్చి అతుకు పూర్తిగా కలుస్తుంది. తీగ మందం 1 మిల్లీమీటరు దాటితే కంసాలులు వాడే సన్న రంపంతో కోయడమే మేలని నా అభిప్రాయం.

అంగడిలో సెమీ ఫ్లష్ అని మరో రకం కనిపిస్తుంది. ఇది చిన్న మొనను వదులుతుంది, అయితే దాని అంచు కాస్త దిట్టంగా ఉండి ఎక్కువ కాలం నిలుస్తుంది. పూసల పిన్నుల కొసలు లోపలికి దాగిపోయే పనులకు అది చాలు, రింగులకు మాత్రం చాలదు.

ఇక కొనేటప్పుడు చూడవలసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది మందం పరిమితి. దీన్ని గేజ్‌లో (తీగ మందాన్ని సూచించే అంకెలో) కాకుండా మిల్లీమీటర్లలోనే అడగండి. మోటారు వైండింగ్ దుకాణంలో తూకానికి కొనే రాగి తీగను మన దగ్గర సాధారణంగా బ్రిటిష్ కొలతలో చెబుతారు, విదేశీ కట్టర్ల మీద ఉండేది ఎక్కువగా అమెరికన్ కొలత. అమెరికన్ 18 గేజ్ అంటే 1.02 మిల్లీమీటర్లు, బ్రిటిష్ 18 గేజ్ అంటే 1.22. అంకె ఒకటే అయినా కోయవలసిన లోహం దాదాపు 40 శాతం ఎక్కువ. ఉదాహరణకు నగల పనివారిలో బాగా వాడుకలో ఉన్న జురాన్ 170-2 అనే అమెరికన్ కట్టర్ పరిమితి మెత్తని తీగకు 1 మిల్లీమీటరు. వైండింగ్ దుకాణంలో కొన్న 18 గేజ్ తీగను దానితో కోస్తే అంచు దెబ్బతినవచ్చు. ఇత్తడి రాగికన్నా గట్టిది కనుక దానికి ఇంకొంచెం వెసులుబాటు చూసుకోవాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీరు వాడే తీగ ముక్కను వెంట తీసుకెళ్లండి. కట్టర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల మధ్య వెలుగు గీత కనబడకూడదు. తీగను కోసి, చదును వైపు కొసను భూతద్దంతో చూడండి. వేలితో తడిమితే గీరుకునే గట్టు ఉండకూడదు. పిడి చివర అరచేతి మధ్యలో గుచ్చుకోకుండా ఉందో, స్ప్రింగు మరీ బిగువుగా ఉందో కూడా గమనించండి, రోజూ గంటల తరబడి పనిచేసే చేతికి ఇది చిన్న విషయం కాదు. స్వీడన్‌కు చెందిన లిండ్‌స్ట్రోమ్, జర్మనీకి చెందిన నీపెక్స్ వంటివి మంచివే కానీ ఖరీదైనవి. ఈ పరీక్షలకు నిలిచిన కట్టర్ ఎలక్ట్రానిక్స్ రిపేరు సామాన్లు అమ్మే చోట తక్కువ ధరకు దొరికినా మీ పనికి సరిపోతుంది.

ప్రశ్న: అదే కట్టర్‌తో గేర్ వైరు, గాజులకు వాడే మెమరీ వైరు కూడా కోయవచ్చా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఎంతమాత్రం కోయకండి. మెమరీ వైరు గట్టిపరచిన ఉక్కు. సన్నగా కనిపించినంత మాత్రాన అది మెత్తనిది కాదు. ఫ్లష్ కట్టర్ అంచు మీద ఒక్క కోతకే గంటు పడవచ్చు, ఆ తరవాత రాగి తీగ కొస మీద ప్రతిసారీ ఆ గంటు గీత వస్తుంది. గేర్ వైరు పైకి నైలాన్ పూతతో మెత్తగా ఉన్నా, లోపల ఉన్నవి పెనవేసిన ఉక్కు పోగులు. ఈ రెండింటికీ ఉక్కు తీగ కోయడానికని ప్రత్యేకంగా అమ్మే దిట్టమైన కట్టర్‌ను విడిగా ఉంచుకోవాలి. ఇంట్లో మరెవరైనా తొందరలో ఏది దొరికితే అది తీసుకునే ప్రమాదం ఉంది కనుక, రాగికి వాడే దాని పిడికి రంగు టేపు చుట్టి పెట్టండి.

ప్రశ్న: చెవి హుక్కు కొస చదునుగా తెగినా చెవికి గీరుకుంటోంది. తెగిన ముక్కలు కూడా ఎగిరిపడుతున్నాయి. పైగా మా ఊరు సముద్రతీరంలో ఉండడంతో కట్టర్ తుప్పు పడుతోంది.
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: చదునైన కోతకు అంచు పదునుగానే ఉంటుంది. హుక్కు కొసను సన్న ఆకురాయితో గుండ్రంగా రాసి, ఆ మీదట నునుపైన ఉప్పు కాగితంతో రుద్దాలి. దీన్ని ఏ కట్టరూ తప్పించలేదు. ముక్కలు ఎగరకుండా ఉండాలంటే కొసను కిందికి, ఒక డబ్బాలోకి వంచి, రెండో చేతి వేలితో దాన్ని అదిమి పట్టుకుని కోయండి, కళ్లద్దాలు పెట్టుకోవడం మానవద్దు. పని ముగిశాక కట్టర్‌ను పొడిగుడ్డతో తుడిచి, కీలు దగ్గర ఒక చుక్క కుట్టు మిషను నూనె వేసి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టండి.